పది రోజులు, ఒక్క పల్లవి

మల్కాజిగిరిలో మా ఇంటి మేడ మీద రేకుల షెడ్డు వేసి పదహారేళ్లుగా పిల్లలకి కూచిపూడి నేర్పిస్తున్నాను. కింద షాబాద్ బండలు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఆ బండల మీద ముప్పై మంది పిల్లలు అడుగులు వేస్తారు, నేను కర్ర పట్టుకుని తాళం కొడతాను. ఎవరి అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమ) ఎంత లేచిందో, ఎవరి మోచెయ్యి జారిందో చప్పుడు వింటే చాలు, తెలిసిపోతుంది. నా మోచెయ్యి జారితే చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. మా మాస్టారు విజయవాడలో ఉంటారు. పెళ్లయి హైదరాబాదు వచ్చాక ఆయన ముందు నిలబడి చేసింది ఏడాదికి ఒకసారి, అదీ సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు.

పోయిన ఏడాది ఒక సభ వాళ్లు ప్రోగ్రాముకి పిలిచారు. క్షేత్రయ్య పదం, అంటే మెల్లగా అభినయంతో భావం పట్టే పాట, చేస్తానన్నాను. "పదం వద్దమ్మా, జనం కూర్చోరు. తరంగం పెట్టండి. పళ్లెం ఎక్కారంటే చప్పట్లే చప్పట్లు. ఏడు నిమిషాల్లో అయిపోవాలి" అన్నారు. తరంగమంటే నాకు ప్రాణం. ఇత్తడి పళ్లెం అంచుల్ని కాలివేళ్లతో పట్టుకుని, మడమలతో కదుపుతూ, పైన ముఖంలో కృష్ణుణ్ణి చెదరనీయకుండా జతి (తాళానికి వేసే అడుగుల వరస) పూర్తిచేయడం చిన్న విద్య కాదు. కానీ దాన్ని ఏడు నిమిషాలకి కోశాక మిగిలింది పళ్లెమే. అది కూడా పూర్తి కాలేదు. నేను ఇంకా తీర్మానంలో, అంటే ముగింపు అడుగుల్లో, ఉండగానే సౌండ్ దగ్గర కూర్చున్నతను పాట తగ్గించేశాడు, తర్వాతి ప్రోగ్రాము పిల్లలు స్టేజీ పక్కన వింగ్స్‌లో నిలబడి ఉన్నారని. ఇంటికొచ్చి గజ్జెలు విప్పుతూ, పదం చేసి ఎన్నేళ్లయిందని లెక్క వేసుకున్నాను. ఆరేళ్లు. ఆ లెక్క నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ బాధలో ఉన్నప్పుడే ఒక స్నేహితురాలు ఈ రెసిడెన్సీ సంగతి చెప్పింది. మొయినాబాద్ వైపు ఒక మామిడితోటలో, శాస్త్రీయ నృత్యం చేసేవాళ్లు కొద్దిమంది పది రోజులు ఉండి ఎవరి సాధన వాళ్లు చేసుకునే చోటు. నేను ముందు వర్క్‌షాప్ అనుకున్నాను. ఎవరో పెద్ద గురువు వస్తారు, రోజుకొక ఐటెం నేర్పిస్తారు, ఆఖర్న సర్టిఫికెట్ ఇస్తారు అని. అదేమీ లేదు. గురువు ఉండరు, క్లాసు ఉండదు, టైంటేబుల్ ఉండదు. ఉండటానికి గది, చేసుకోవడానికి హాలు, రెండు పూటలా భోజనం. మిగతాదంతా మనదే.

దరఖాస్తు చిన్నదే. గత మూడేళ్లలో ఏం చేశారు, ఇక్కడ ఏం చేయాలనుకుంటున్నారు, కోతలు లేకుండా తీసిన పది నిమిషాల వీడియో. రెండో ప్రశ్న దగ్గరే నాకు వారం పట్టింది. మొదటిసారి రాసినప్పుడు తొంభై నిమిషాల కొత్త కచేరీ తయారుచేస్తానన్నాను. అష్టవిధ నాయికలు (ప్రేమలో ఎనిమిది స్థితుల్లో ఉన్న స్త్రీలు), ఒక్కొక్కరికి ఒక్కో రాగం, మధ్యలో వ్యాఖ్యానం. చదివిన స్నేహితురాలు, "ఇది గ్రాంటు కోసం రాసినట్టుంది, నీ కోసం రాసుకో" అంది. చింపేసి మళ్లీ రాశాను. మూడోసారి మిగిలింది రెండే మాటలు: "క్షేత్రయ్య పదం ఒకటి పట్టుకుంటాను. పల్లవి దాకా వెళ్లినా చాలు." పంపించాక చాలా భయం వేసింది. ఇంత తక్కువ రాస్తే ఎవరు తీసుకుంటారు అని. తీసుకున్నారు. ఫోన్ చేసిన ఆవిడ అడిగింది కూడా ఒక్కటే: "రోజంతా ఎవరూ ఏమీ అడగకపోతే ఇబ్బంది పడతారా?" పడనన్నాను. తెలియక అన్న మాట అది.

పది రోజులకి గది, భోజనం, హాలు అన్నీ కలిపి నేను కట్టింది పన్నెండు వేలు. ఇంట్లో మా అత్తయ్య, "అక్కడ ఎవరు నేర్పిస్తారమ్మా?" అన్నారు. ఎవరూ నేర్పించరు అత్తయ్యా అంటే, "మరి డబ్బులు దేనికి?" అన్నారు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆషాఢంలో ప్రోగ్రాములు, పెళ్లిళ్లు తక్కువ కాబట్టి ఆ నెలలోనే వెళ్లడానికి కుదిరింది. క్లాసులు మా సీనియర్ అమ్మాయికి అప్పగించాను. ఇంటర్ చదివే మా అమ్మాయి పది రోజుల కూరలు చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అతికించి, "నువ్వు వెళ్లమ్మా, మేం బతుకుతాం" అంది.

మెహిదీపట్నం, లంగర్‌హౌస్ దాటి, అప్పా జంక్షన్ తర్వాత చేవెళ్ల రోడ్డు ఎక్కితే రెండు పక్కలా మర్రిచెట్లు. ఆ నీడలో కారు వెళ్తుంటే నాకు నిజంగానే పెళ్లి తర్వాత మొదటిసారి పుట్టింటికి వెళ్తున్నట్టు అనిపించింది. తోటలోకి మలుపు తిరిగాక బండరాళ్లు, వాటి మధ్య పెంకుల వరండా, ఒక పక్కన పొడుగాటి షెడ్డు. ఒకప్పుడు కోళ్ల షెడ్డట. ఇప్పుడది హాలు.

ఆ హాలు నేల గురించి కొంచెం చెప్పాలి. నాట్యం చేసేవాళ్లకి నేల అంటే సగం జీవితం. సిమెంటు మీద అడ్డంగా చెక్క దూలాలు పరిచి, వాటి మీద పలకలు బిగించారు. కింద జానెడు ఖాళీ. మడమతో ఒక్క తట్టు తడితే బోలుగా, గుండ్రంగా చప్పుడు వచ్చింది, పాదం కింద పలక వెంట్రుకవాసి దిగి మళ్లీ లేచింది. బండ దిగదు. మనం కొట్టిన దెబ్బ మొత్తం తిరిగి మన ముంగాలి ఎముకలోకి, మోకాల్లోకి వస్తుంది. పదహారేళ్లు బండల మీద కొట్టిన కాలికి ఆ పలక దిగడం తెలియగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా షెడ్డులో పిల్లల కాళ్లు గుర్తొచ్చాయి.

మేం నలుగురం. నేను, భువనేశ్వర్‌లో ఒడిస్సీ నేర్చుకుని వచ్చిన ఒక అమ్మాయి, చెన్నై నుంచి భరతనాట్యం చేసే ఒక పెద్దావిడ, వరంగల్ నుంచి వచ్చిన, పేరిణి నాట్యం చేసే కుర్రాడు. హాలు మనిషికి మూడు గంటలు. నాది పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు. మధ్యాహ్నం దాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. ఫోన్ సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గర మాత్రమే వస్తుంది. రాత్రి భోజనం కలిసి. చివరి రోజు చూపించాలని నిబంధన లేదు.

మొదటి రోజు నమస్కారం చేసుకుని, అడుగులు మూడు కాలాల్లో వేసి, నాకొచ్చిన ఐటెమ్స్ అన్నీ వరసగా చేసేశాను. గంటన్నరలో అయిపోయాయి. ఇంకా గంటన్నర ఉంది. చేతులు నడుం మీద పెట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇప్పుడేం చేయాలి? ఆ ప్రశ్న నాకు కొత్త. పదకొండేళ్ల వయసు నుంచి ఎవరో ఒకరు 'మళ్లీ' అంటే మళ్లీ చేశాను. తర్వాత నేను 'మళ్లీ' అంటే పిల్లలు చేశారు. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కలిసి ఒకేసారి కూచిపూడి చేసి గిన్నిస్ రికార్డు సాధించినప్పుడు నేనూ ఒక వరసలో ఉన్నాను. ముందున్న అమ్మాయి భుజం, పక్కనున్న అమ్మాయి చెయ్యి చూసుకుంటూ వేసిన ఆ తిల్లానా ఇప్పటికీ ఒంట్లో ఉంది, అది నా జీవితంలో పెద్ద సంతోషం. అంతమందిలో నా చోటు నాకు తెలుసు. ఈ ఖాళీ హాల్లో తెలియలేదు.

రెండో రోజూ అంతే. భయం పోగొట్టుకోవడానికి ఇంకా గట్టిగా కొట్టాను. మూడో రోజు పొద్దున మెట్లు దిగుతుంటే కుడి మోకాలు పట్టేసింది. వాపు లేదు కానీ అరమండిలో కూర్చోనివ్వలేదు. ఆ రోజంతా వరండాలో కూర్చుని ఏడ్చినంత పని చేశాను. పన్నెండు వేలు, పది రోజులు, ఇంట్లో అందర్నీ ఒప్పించి వచ్చి ఇక్కడ కాలు చాపుకుని కూర్చున్నాను కదా అని.

పేరిణి కుర్రాడు సాయంత్రం ఐస్ సంచీ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. అతని దగ్గర రామప్ప గుడి శిల్పాల ఫొటోలు ఓ యాభై ఉన్నాయి, ఫోన్లో. మద్దెల వాయిస్తూ ఎగిరిన కాలు, వంగిన నడుము. 1213లో కట్టిన గుడి మీది ఆ భంగిమల్ని, జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళిని ముందు పెట్టుకుని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ ఎలా నిలబెట్టారో చెప్పాడు. నాకు తెలిసిన కథే, కానీ ఆ కుర్రాడు చెప్తుంటే వేరేగా ఉంది. "శిల్పం ఒక్క క్షణమే చూపిస్తది మేడం. ఆ క్షణానికి ముందు కాలు యాడుందో, తర్వాత యాడికి పోతదో అది చెప్పది. అది మనమే తిరిగి కనుక్కోవాలె. నేను ఈ పది దినాలు ఒక్క బొమ్మ మీదనే ఉంట" అన్నాడు. ఇరవై నాలుగేళ్ల పిల్లాడు. నా దరఖాస్తులో నేను రాసుకున్నదే నాకు తిరిగి చెప్పినట్టయింది.

నాలుగో రోజు హాల్లో చాప వేసుకుని కూర్చున్నాను. అద్దానికి దుప్పటి కప్పేశాను. నిలబడలేను కాబట్టి కూర్చునే అభినయం చేద్దామని. ఇది మన దగ్గర కొత్తేం కాదు. ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల స్త్రీలు మేజువాణీల్లో (వాళ్ల కచేరీల్లో) పదానికి కూర్చుని అభినయం పట్టేవారు, తామే పాడుకుంటూ, ఒక్క పంక్తిని ఎన్నో రకాలుగా తిప్పుతూ. ఆ స్త్రీల దగ్గరికి వెళ్లి నేర్చుకున్నవాళ్లలో నటరాజ రామకృష్ణ గారు ముఖ్యులు, ఆ విద్యనే ఆంధ్రనాట్యంగా వేదికెక్కించారు. నాట్యంలో ఎం.పి.ఎ. (పీజీ) పరీక్షల కోసం ఇదంతా చదివి రాశాను, మార్కులూ వచ్చాయి. కూర్చుని మాత్రం ఎప్పుడూ చేయలేదు.

రికార్డు పెట్టలేదు. నేను పదానికి ఎప్పుడూ వాడే రికార్డులో పల్లవి ఆరుసార్లు వస్తుంది. ఆరుసార్లకి ఆరు సంచారులు, అంటే అదే మాటకి ఆరు రకాల అభినయాలు, కట్టుకున్నాను ఎప్పుడో. ఏడోది మొదలయ్యే లోపు గాయని అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) ఎత్తుకుంటుంది, నేను పరుగెత్తాలి. ఈసారి శ్రుతి యాప్ ఒక్కటే పెట్టుకుని నేనే పాడుకున్నాను. నా గొంతు గొప్పదేం కాదు, పై స్థాయిలో చీలుతుంది. అయినా త్రిపుట తాళం ఏడక్షరాలు తొడ మీద వేసుకుంటూ మెల్లగా పాడుతుంటే, మాట ఎక్కడ ఆపాలో నా చేతిలోనే ఉంది. పల్లవిలో నాయిక చెలికత్తెతో అంటున్నది ఒకటే, వాడు ఇంకా రాలేదని. ఇలా ఎదురుచూసే నాయికని విరహోత్కంఠిత అంటాం. ఆ ఒక్క మాటని గంటసేపు తిప్పాను.

మధ్యాహ్నం వీడియో చూసుకున్నాను. ఎదురుచూడటానికి నేను చేస్తున్నవన్నీ అందులో ఉన్నాయి: కనుబొమల దగ్గర పతాక ముద్రలో చెయ్యి పెట్టి దారి వైపు చూడటం, మెడ సాచడం, నిట్టూర్చడం, దీపం ఎగదోయడం, పూలమాల సర్దడం. అన్నీ శుద్ధంగా ఉన్నాయి. పిల్లలకి చూపిస్తే పరీక్షలో రాస్తారు. కానీ ఆ ముఖం చూస్తే, వాడు రాకపోయినా ఈవిడకి పెద్దగా పోయేదేం లేదనిపించింది. పన్నెండేళ్ల క్రితం ఇదే పదం చేసినప్పుడు మాస్టారు, "బాగుంది, ఇంకా పండాలి" అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది.

ఐదో రాత్రి జరిగినదాన్ని ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

వంట చేసే అక్కది పక్క ఊరే. మా భోజనాలయ్యాక వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని మర్నాటికి బియ్యం ఏరుతూ ఉంటుంది. ఆమె కొడుకు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఏదో గోడౌన్లో పనిచేస్తాడు, రాత్రి తొమ్మిదిన్నరకి బండి మీద వచ్చి ఆమెను ఇంటికి తీసుకెళ్తాడు. ఆ రోజు వాన. పది దాటింది. నేను మంచినీళ్ల కోసం వెళ్లి అక్కడే పీట మీద కూర్చున్నాను. ఆమె చేటలో బియ్యం ఊపుతూ, వేలితో రాళ్లు పక్కకి నెడుతూ, నాతో వాళ్లమ్మాయి కాన్పు గురించి మాట్లాడుతోంది. రోడ్డు మీద బండి చప్పుడు వినిపించింది. చేట ఆగింది. వేలు ఒక రాయి మీద ఆగింది. మాట ఆగలేదు, తల తిరగలేదు, కళ్లు బియ్యం మీదే ఉన్నాయి. బండి దాటిపోయింది. వేలు ఆ రాయిని పక్కకి నెట్టింది. చేట మళ్లీ ఊగింది.

"మీ అబ్బాయి కాదా అక్కా?" అన్నాను.

"కాదు. వానిదైతే సైలెన్సర్ కొట్టుకుంటది, మలుపు కాన్నుంచే తెలుస్తది."

అరగంటలో నాలుగు బండ్లు దాటాయి. నాలుగుసార్లు చేట ఆగింది. ఒక్కసారి కూడా ఆమె గేటు వైపు చూడలేదు. ఐదోది వచ్చినప్పుడు చేట ఆగకుండానే పక్కన పెట్టేసి, కొంగు దులుపుకుని లేచింది. నాకు ఏ తేడా వినపడలేదు. నిమిషం తర్వాత గేటు దగ్గర లైటు పడింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లుగా నేను కళ్లతో ఎదురుచూస్తున్నాను. ఈమె చెవితో చూస్తోంది. కళ్లు చూపించేది ఏదీ లేదు కాబట్టి అంతా చేతిలోకి వచ్చింది, అదీ చెయ్యి కదలడంలో కాదు, ఆగడంలో.

ఆరో రోజు పల్లవిని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను. నాయిక పూలు గుచ్చుతోంది. రెండు చేతులా కటకాముఖ ముద్ర, ఒక చేత్తో దారం, ఒక చేత్తో పువ్వు. గుచ్చుతూ చెలికత్తెతో మాట్లాడుతోంది. వీధిలో అడుగుల చప్పుడు. చెయ్యి ఆగుతుంది. ముఖం అలాగే ఉంటుంది. అడుగులు దాటిపోతాయి. చెయ్యి కదులుతుంది. ఇంతే. చేస్తుంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చెయ్యి ఆగగానే నా కనుబొమలు వాటంతటవే లేచిపోతున్నాయి. ముప్పై ఏళ్ల అలవాటు. నాలుగు గంటలు, అంటే నా మూడు గంటలు, భరతనాట్యం ఆవిడ దయతో ఇచ్చిన ఒక గంట, కనుబొమలు లేవకుండా చెయ్యి ఆపడం ఒక్కటే చేశాను. తాళంలో ఎక్కడ ఆగాలన్నది ఇంకో కథ. సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఆగితే జతిలా ఉంది. ఐదో అక్షరం దాటాక, ఎవరూ అనుకోని చోట ఆగితే, నాకే ఒళ్లు జలదరించింది.

అప్పుడే అనుమానం కూడా పట్టుకుంది. మనం మొదటి ఏడాదిలోనే అభినయదర్పణం అనే నాట్యగ్రంథంలోని శ్లోకం నేర్చుకుంటాం, చెయ్యి ఎటో చూపు అటు, చూపు ఎటో మనసు అటు, మనసు ఎటో భావం అటు అని. నేను చేస్తున్నదాంట్లో చెయ్యి, చూపు పూల మీద ఉన్నాయి, మనసు వీధిలో ఉంది. ఇది శాస్త్రానికి సరిపోతుందా? నాకు నేను సర్దిచెప్పుకునే మనిషిని కాను. సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది, భయమూ ఉంది.

ఏడో రోజు మోకాలు కాస్త నయమయింది. హాలు వదిలేసి తారామతి బారాదరికి వెళ్లాను, ఇబ్రహీంబాగ్‌లో. గోల్కొండ బోనాల రోజు కావడంతో లంగర్‌హౌస్ దగ్గర ఆటో గంటసేపు కదల్లేదు. డప్పులు, పోతరాజు, తలల మీద పసుపు రాసిన కుండలు. పైకెక్కి పన్నెండు ద్వారాల ఆ మండపంలో నిలబడితే ఎదురుగా కోట. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో తారామతి ఇక్కడ పాడితే, గాలికి ఆ పాట కోటలోని సుల్తాను చెవిన పడేదని కథ. కథే కావచ్చు. కానీ కోట కింది ద్వారం ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే అంత ఎత్తున ఉన్న బాలా హిస్సార్‌లో వినపడటం స్కూలు పిల్లలందరూ చేసి చూసేదే. ఆ కోటలోనే ఆఖరి సుల్తాను తానీషా ఉండేవాడు. కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చి 1678లో ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చింది ఆయనేనని మా మాస్టారు పాఠం మొదలుపెట్టేటప్పుడు చెప్పేవారు. క్షేత్రయ్యది ఆ ఊరి పక్కనే ఉన్న మువ్వ. నేను నా పదం పట్టుకుని ఊరికి దూరంగా వచ్చేశాననుకున్నాను. బారాదరిలో నిలబడి కోట వైపు చూస్తుంటే అలా అనిపించలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాను. కింది రోడ్డు, హారన్లు, వాటి కింద ఎక్కడో సన్నగా డప్పు.

తిరిగి వచ్చి నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి మాస్టారికి ఫోన్ చేశాను. చెయ్యి ఆపడం గురించి, శ్లోకం గురించి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లైను పోయిందనుకున్నాను. "వచ్చి చూపించమ్మా" అన్నారు, అంతే. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. ఫోన్లో ఆయన ఎన్నడూ పాఠం చెప్పలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం నేను చూపిస్తానన్నాను, ఎవరూ అడగకుండానే. చాప మీద కూర్చుని, నేనే పాడుకుంటూ, పల్లవి ఒక్కటి. పదకొండు నిమిషాలు. ఎదురుగా ముగ్గురు సహ కళాకారులు, చోటు నడిపే దంపతులు, గుమ్మం దగ్గర వంట అక్క. మధ్యలో ఒకసారి నా గొంతు చీలింది. చెయ్యి మూడోసారి ఆగినప్పుడు ఒడిస్సీ అమ్మాయి గేటు వైపు తిరిగి చూసింది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలని గుర్తు రానట్టుంది. నాకు అది పళ్లెం మీది చప్పట్ల కంటే ఎక్కువ. అక్క మాత్రం దగ్గరికొచ్చి, "వచ్చిండా మరి ఆయన?" అంది.

"రాలేదక్కా, పదంలో రాడు."

"గట్లనే అనిపించింది నాకు" అని గిన్నెలు తీయడానికి వెళ్లిపోయింది. ఆమె చేట చూసే ఇది కట్టానని ఆ రాత్రే చెప్పాను. కాసేపు నన్ను వింతగా చూసి, "బియ్యం ఏరుడు గూడ ఆటనేనా?" అంది. అవునన్నాను.

ఇలాంటి చోటుకి వెళ్లాలనుకునేవాళ్లు నన్ను అడుగుతున్నారు కాబట్టి నాకు తోచింది చెప్తాను. గురువు దగ్గర ఇంకా నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు వెళ్లొద్దు. అక్కడ తప్పు దిద్దేవాళ్లు ఉండరు, తప్పే గట్టిపడుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు చేసి, నేర్పిస్తూ, తమ సాధన ఎక్కడో తప్పిపోయిందనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లాలి. పెద్ద ప్రణాళికతో వెళ్లకండి. మొదటి మూడు రోజులు వృథా అయినట్టు ఉంటుంది, టెన్షన్ పడి గట్టిగా కొట్టి నాలా మోకాలు పోగొట్టుకోకండి. వెళ్లేముందు నేల ఏమిటో అడిగి తెలుసుకోండి. బండలైతే మందపాటి రబ్బరు చాప పట్టుకెళ్లండి. క్రేప్ బ్యాండేజీ, గజ్జెల తోలుకి ఒక అదనపు తాడు, వానాకాలమైతే ఇంకో జత ప్రాక్టీసు చీరలు. ఆడవాళ్లు ఇంట్లో పది రోజులు ఎలా అడగాలన్నదే పెద్ద చిక్కని నాకు తెలుసు. అడగండి. మా అత్తయ్య నేను తిరిగొచ్చిన రోజు, "ఏం నేర్చుకున్నావు?" అని ముందుగా అడిగారు. వంటింట్లోనే కింద కూర్చుని చేసి చూపించాను. ఆవిడ చూస్తూ చూస్తూ, మావయ్యగారు రైల్వేలో రాత్రి డ్యూటీ చేసే రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ మాటలు నేను వినలేదు.

వచ్చిన నెలలోనే మా షెడ్డులో బండల మీద చెక్క వేయించాను, సగం మేరకి. మిగతా సగం దసరాకి. చిన్న పిల్లల్ని చెక్క మీద నిలబెడుతున్నాను.

శ్రావణంలో విజయవాడ వెళ్లాను. మాస్టారు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు, నేను కింద చాప మీద. పల్లవి మొత్తం చూశారు. మధ్యలో ఆపలేదు. అయిపోయాక శాస్త్రం గురించి ఏమైనా అంటారని గుండె దడదడలాడుతూ చూస్తున్నాను. ఆయన తన కుడిచెయ్యి కటకాముఖంలో పట్టి, కాసేపు దాన్నే చూసుకున్నారు.

"చెయ్యి ఆగింది, బాగుంది. ఆ చేతిలో పువ్వు ఉంది కదా. అంతసేపు వేళ్ల మధ్య అలా నొక్కి పట్టుకుంటే ఆ పువ్వు ఏమైందమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పువ్వుని నేను మర్చిపోయాను. నలిగిందా, జారిందా, నలిగిన పువ్వుని ఆమె మాలలో గుచ్చుతుందా, పారేస్తుందా, నలిగిందని చూసుకుంటుందా. మూడు వారాలుగా దాని మీదే ఉన్నాను. పొద్దున్నే పిల్లలు రాకముందు, చెక్క వేసిన వైపు కూర్చుని, నిజం మల్లెపువ్వు ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని పాడుకుంటున్నాను. అనుపల్లవి ఇంకా ఎత్తుకోలేదు.